సీసాలో పుట్టగొడుగు

హోసూరు పక్క బాగలూరు దాటాక, గులాబీలు పెంచే ప్లాస్టిక్ పందిళ్ల వెనక, వరదప్ప వాళ్ల చేను ఉండేది. ఇప్పుడు అక్కడ గోడ ఉంది. గోడకు గేటు, గేటు పక్కన గది, గదిలో కాపలా మనిషి. ఆ మనిషి వరదప్ప కాదు. వరదప్ప కాపలా కాసేది మూకండపల్లిలో, బోల్టులు చేసే ఒక చిన్న ఫ్యాక్టరీకి. చేను అమ్మాక అన్నదమ్ములు తలో దిక్కుకు పోయారు. అతను, భార్య వెంకటలక్ష్మమ్మ ఆ ఫ్యాక్టరీ వెనక వరస ఇళ్లలో ఒకటి బాడుగకు తీసుకున్నారు.

చేను మూలన ఒక పుట్ట ఉండేది. నడుము ఎత్తు. ఎండలు ముదిరాక ఉరుములతో మొదటి వాన పడి, కాస్త తెరిపి ఇచ్చి మళ్లీ పడితే, దాని చుట్టూ పుట్టగొడుగులు లేచేవి. ముందు గోధుమరంగు మొన నేలను చీల్చుకుని వచ్చేది. మర్నాటికి విప్పుకునేది. కాడ పట్టి మెల్లగా లాగితే లోతు నుంచి వచ్చేది, తెల్లగా, వేరులాగా. వాటిని వాన పెంచుతుందని వరదప్ప అనుకునేవాడు. అతని తండ్రీ అలాగే అనుకున్నాడు.

కోయడానికి ఒక పద్ధతి ఉంది. స్నానం చేసి వెళ్లాలి. చెప్పులు గట్టు మీద విడవాలి. ఇనుము తాకించకూడదు. పుట్ట పాముది కనక, అక్కడ తీసింది ఏదైనా పసుపు నీళ్లలో ముంచాకే ఇంట్లోకి తేవాలి. మొదటి కోత ఆడపడుచుది. ఆమె ఇంటికి బుట్ట పోయాకే ఇక్కడ కూర వండుకోవాలి. బుట్ట ఖాళీగా తిరిగి రాకూడదు. ఆమె అందులో ఏదో ఒకటి వేసి ఇవ్వాలి.

వరదప్ప తన అక్క బసవమ్మకు ఇచ్చేవాడు. ఆమెది అత్తిబెలె. జూజువాడి చెక్‌పోస్టు దాటితే కర్ణాటక, దాటగానే అత్తిబెలె. భర్త పోయాక ఆమె రోడ్డు వారన అంగడి పెట్టుకుంది. లారీలవాళ్లకు అరటిపళ్లు, బన్నులు, బీడీలు, నీళ్ల సీసాలు.

కరోనా ఏడాది వాళ్ల తల్లి చనిపోయింది. జ్వరం. పరీక్ష చేయలేదు కనక ఏ జ్వరమో ఎవరికీ తెలియదు. కబురు విని బసవమ్మ చెక్‌పోస్టు దాకా నడిచి వచ్చింది. పాసు లేనిదే దాటనివ్వం అన్నారు. ఆమె ఫోన్ చేసి, పోలీసులను బతిమాలుతున్నానని, తను వచ్చేదాకా అమ్మను ఉంచమని చెప్పింది. ఉంచుతానన్నాడు వరదప్ప. ఎండ పెరిగింది. జ్వరంతో పోయిన మనిషిని ఇంట్లో పెట్టుకుంటే ఊరంతా మూసేస్తారని చుట్టుపక్కల వాళ్లు అన్నారు. పాడె ఎత్తమని చెప్పింది వరదప్పే. తరువాత ఫోన్ మోగింది. అతను తీయలేదు. బసవమ్మ చీకటి పడేదాకా ఆ బారికేడ్ల దగ్గరే నిలబడి ఉందని ఆ తరువాత తెలిసింది.

ఆమె తమ్ముడితో మాట్లాడటం మానేసింది. పెళ్లిళ్లకు పిలిస్తే రాలేదు. దారులు తెరిచాక, గొడుగులు లేచే కాలానికి, వరదప్ప బుట్ట తీసుకుని వెళ్లాడు. అంగడి బల్ల మీద పెట్టి నిలబడ్డాడు. ఆమె అతని వైపు చూడలేదు. బుట్ట లోపలికి తీసుకుపోయింది. గొడుగులు ఒంపుకుని, దోసెడు రాగులు పోసి, తెచ్చి బల్ల మీద పెట్టింది. అతను తీసుకుని వచ్చేశాడు.

ఆ తరువాత ఏటా అంతే. మాట లేదు. బుట్ట పోయేది, వచ్చేది. అది ఆగిన రోజు తనకు అక్క లేనట్టేనని వరదప్పకు తెలుసు. ఈ సంగతి అతను ఎవరితోనూ అనలేదు. వెంకటలక్ష్మమ్మకు చెప్పకుండానే తెలుసు.

అమ్మిన తరువాత చేను కొన్నేళ్లు బీడుగా పడి ఉంది. కొన్నవాళ్లు ఏమీ కట్టలేదు. వాన పడినప్పుడు వరదప్ప వెళ్లి కోసుకునేవాడు. ఎవరూ వద్దనలేదు. కిందటేడు ఎండాకాలంలో అక్కడ కొలతలు మొదలయ్యాయి. పని చూసే మోహన్‌రాజ్ అనే అతను మంచివాడే. ఈ వానకు కోసుకో పెద్దాయనా, వచ్చే వానకు ఈడ షెడ్డు ఉంటుంది, అని చెప్పాడు. పుట్టను వదలమని వరదప్ప అడిగాడు. ప్లానులో పుట్ట లేదన్నాడు మోహన్‌రాజ్.

ఆ రోజుల్లోనే నాగజ్యోతి గదిలోకి అతను మొదటిసారి వెళ్లాడు.

నాగజ్యోతి పక్కింటి మనిషి. మడకశిర వైపు నుంచి, భర్త శశికుమార్ ఫ్యాక్టరీ ఉద్యోగం కోసం వచ్చింది. వెనక గదిలో సిప్పి కాళాన్ పెంచుతుంది. చిప్పల్లాగా గుత్తులుగా వచ్చే తెల్ల పుట్టగొడుగులకు హోసూరు అంగళ్లలో ఆ పేరే. గడ్డి కూరిన ప్లాస్టిక్ సంచులు కప్పు నుంచి వేలాడుతుంటాయి. వాటికి పెట్టిన చిల్లుల్లో నుంచి గుత్తులు బయటికి వస్తాయి. మొదట్లో ఆమె విత్తనం బయట కొనేది. అది దారిలోనే బూజు పట్టి వచ్చేది. విసిగి, లిక్విడ్ కల్చర్ అనే పద్ధతి నేర్చుకుంది. గాజు సీసాలో కొంచెం చక్కెర నీళ్లు. సీసాను కుక్కర్‌లో ఉడికించి చల్లార్చాలి. పుట్టగొడుగు లోపలి కండను గోరంత తీసి అందులో వేయాలి. ఏ సూక్ష్మజీవీ చొరబడకపోతే, కొన్నాళ్లకు నీళ్లలో దూదిపింజ లాంటి తెల్లదనం పెరుగుతుంది. రోజూ సీసాను ఊపితే అది విడిపోయి ఇంకా పెరుగుతుంది. ఆ నీళ్లను సిరంజితో తీసి ఉడికించిన జొన్నల్లోకి ఎక్కిస్తే అదే విత్తనం.

వెంకటలక్ష్మమ్మ పంపిన రాగిపిండి ఇవ్వడానికి వెళ్లిన వరదప్ప, అరలో సీసాలు చూసి ఏమిటని అడిగాడు. నాగజ్యోతికి చెప్పడం ఇష్టం. అంతా చెప్పింది. అతనికి అర్థం కాలేదని గమనించి, పెరుగుకు తోడు లాంటిది మామా, అంది. నిన్నటి పెరుగు కొంచెం దాచుకుంటే రేపటి పెరుగు. ఆవు పోయినా తోడు ఉంటుంది కదా.

వరదప్ప వంగి ఆ సీసాలను ఒక్కొక్కటిగా చూశాడు. తరువాత, పుట్ట మీద లేచే గొడుగును కూడా ఇట్లా పెట్టుకోవచ్చునా అని అడిగాడు. దేన్నయినా పెట్టుకోవచ్చు, తీసుకొని రా, అంది నాగజ్యోతి. పుట్ట మీది గొడుగును ఆమె తినడమే కానీ పెంచిన అనుభవం లేదు. ఆ మాట ఆమె ఆ రోజు చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

ఆ ఏడాది వాన ఆలస్యంగా వచ్చింది. వచ్చాక బాగా పడింది. వరదప్ప తెల్లవారుతూనే స్నానం చేసి, బస్సెక్కి వెళ్లాడు. పుట్ట చుట్టూ లేచి ఉన్నాయి. ఇంకా విప్పుకోనివి, మొన తేలినవి ఏరి విడిగా పెట్టాడు. వాటినే తెమ్మంది నాగజ్యోతి. అక్క బుట్ట నింపాడు. అంతా తెచ్చి, ఎప్పటిలాగే గడప బయట పసుపు నీళ్ల గిన్నెలో ముంచాడు. అక్క బుట్ట అత్తిబెలె చేరింది, రాగులతో తిరిగి వచ్చింది.

మొగ్గలను నాగజ్యోతి తీసుకుంది. ప్లాస్టిక్ డబ్బాకు రెండు చేతులు దూరేలా కన్నాలు పెట్టి, గాలి ఆడకుండా అందులోనే పని చేస్తుంది ఆమె. బ్లేడును స్పిరిట్ దీపం మీద ఎర్రగా కాల్చింది. ఒక్కో మొగ్గను చీల్చి, లోపలి కండ తీసి, ఒక్కో సీసాలో వేసింది. వరదప్ప గుమ్మంలో ఊపిరి బిగబట్టి చూశాడు. ఊపిరి కూడా మైలేనని ఆమె అంది.

సీసాలన్నీ మబ్బు పట్టాయి. మూత తీస్తే పులిసిన గంజి వాసన. తనదే పొరపాటని నాగజ్యోతి అనుకుంది. సీసాలు మళ్లీ ఉడికించింది. ఏం జరిగి ఉంటుందో ఆలోచిస్తూ, యాడ కోసినావు, ఎట్ల తెచ్చినావు అని అతన్ని అడుగుతూ పోయింది.

"పసుపు నీళ్లలో ముంచి తెచ్చినానమ్మా."

ఆమె నవ్వబోయి ఆగింది.

"అది దూది మాదిరి మామా. నీళ్లు తాగేస్తుంది. నీళ్లలో ఉండే పురుగంతా లోపలికి పోయినట్టే."

"పసుపు వేసినాను కదా."

"పసుపుకు మనుషులు భయపడతారు. ఈ పురుగు భయపడదు."

వరదప్ప మళ్లీ బాగలూరు వెళ్లాడు. గొడుగులు నల్లగా కరిగిపోయి ఉన్నాయి. వాటి మీద పురుగులు పాకుతున్నాయి. పుట్ట వెనక, గోడ కోసం తవ్విన మట్టి కింద, ఒకటే మొగ్గ ఆలస్యంగా లేచింది. దాన్ని లాగి, తువ్వాలులో చుట్టుకుని, కాసేపు గట్టు మీద కూర్చున్నాడు. ముంచకుండా తేవడం అతని ఇంట్లో ఎవరూ చేయని పని. ముంచితే ఇది చస్తుంది. తువ్వాలు ఒడిలో పెట్టుకుని బస్సెక్కాడు. తన ఇంటి గడప తొక్కకుండా నేరుగా నాగజ్యోతి ఇంటికి వెళ్లాడు. సంగతి తెలిసి వెంకటలక్ష్మమ్మ ఆ రోజు అతనికి బయటే నీళ్లు పెట్టింది, తల మీద పోసుకుని రమ్మంది. తిట్టలేదు.

ఆ ఒక్క సీసా నిలిచింది. ముందు ఏమీ కనబడలేదు. తరువాత కండ ముక్క అంచున నూగు లాగా వచ్చింది. మెల్లగా పెరిగింది. సిప్పి కాళాన్ సీసాలు ఎన్నోసార్లు నిండి ఖాళీ అయ్యేంత కాలంలో ఇది బొటనవేలంత ముద్ద అయింది. నీళ్లు మాత్రం తేటగా ఉన్నాయి. నీళ్లు తేటగా ఉంటే అది మంచిదేనని నాగజ్యోతి చెప్పింది.

దాన్ని రోజూ ఊపడం వరదప్ప పని అయింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర డ్యూటీ దిగి, కాళ్లు కడుక్కుని, పక్కింటి అరలోంచి సీసా తీసి, వెలుతురుకు పట్టి చూసి, మెల్లగా తిప్పేవాడు. కొన్నాళ్లకు ముద్దలోంచి కొంచెం కొత్త చక్కెర నీళ్లలోకి మార్చాలి. లేకపోతే తిండి లేక చస్తుంది. అది కూడా నేర్చుకున్నాడు. ఇంట్లో కుక్కర్ ఒకటే. అందులో అన్నం ముందా సీసా ముందా అనేది రోజూ తగువు.

"పాలు పోసే పుట్టకు చక్కెర నీళ్లు పోస్తా ఉండాడు మీ మామ" అని వెంకటలక్ష్మమ్మ గోడ మీంచి నాగజ్యోతితో అనేది. "చక్కెర జబ్బు వస్తుంది దానికి."

చలికాలంలో జేసీబీ వచ్చింది. మోహన్‌రాజ్ ఫోన్ చేసి చెప్పాడు, చూడాలనుంటే రమ్మని. వరదప్ప వెళ్లాడు. జేసీబీ నడిపే మనిషి పుట్టను ముట్టనన్నాడు. ఎవరినో పిలిచి, పాలు పోసి, కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించారు. తరువాత ఆ మనిషి దండం పెట్టుకుని బండి ఎక్కాడు. పుట్ట ఒక్క ఊపులో లేచింది. లోపల అరలు అరలుగా ఉంది. ఆ అరల్లో స్పాంజి లాంటి ముద్దలు, వాటి మీద తెల్లని చుక్కలు, చుట్టూ చెదలు. వరదప్ప దాని లోపల ఎప్పుడూ చూడలేదు. పాము లేదు. అతను కొంచెం వంగి చూశాడు. అంతలో జేసీబీ బకెట్ పక్కకు తిరిగింది.

చూసింది నాగజ్యోతికి చెప్పాడు. ఆమెకు కల్చర్ పని నేర్పినవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఫోన్ చేసి అడిగింది. సాయంత్రం ఆమె వచ్చి గడపలో కూర్చుంది. చెప్పడానికి తటపటాయించింది. ఆ గొడుగును పెంచేది చెదలంట. అవి పుట్ట లోపల తోట వేసినట్టు దాన్ని పెంచుతాయంట. చెదలు లేనిదే అది లేవదంట. ఇప్పటిదాకా ఇంట్లో లేపినవాళ్లు తమకు తెలిసి ఎవరూ లేరన్నారంట.

"సీసాలో బతికే ఉండాది కదమ్మా" అన్నాడు వరదప్ప.

"బతికే ఉంటుంది మామా. నువ్వు నీళ్లు మార్చినన్నాళ్లు బతుకుతుంది. పైకి రాదు, అంతే."

అతను విన్నాడు. విన్నా మానలేదు. ఎండలు వచ్చేసరికి జొన్నలు ఉడికించి, సిరంజితో తెల్లదనం ఎక్కించాడు. జొన్నలు తెల్లబడ్డాయి. వాటిని గడ్డి సంచుల్లో వేశాడు. గడ్డి అక్కడక్కడ తెల్లబడి ఆగిపోయింది. కరెంటు టవరు కింద, గొడుగులు ఎన్నడూ లేవని పుట్ట ఇంకొకటి ఉంటే, దాని పక్క మట్టి తెచ్చి సంచుల మీద కప్పాడు. కొన్ని చెదలు కూడా ఆ మట్టితో వచ్చాయి. అవి గడ్డిని తిన్నాయి, తరువాత చచ్చాయి. సంచులు పచ్చగా బూజు పట్టాయి. ఆ పచ్చబూజు తన సిప్పి కాళాన్‌కు అంటుతుందని నాగజ్యోతి భయపడింది. చెప్పలేక చెప్పింది. వరదప్ప సంచులు తనే మోసి, ఊరి బయట పారేసి వచ్చాడు. సీసా ఒక్కటి తన ఇంట్లో, దేవుడి పటాల కింది అరలో పెట్టుకున్నాడు.

వాన వచ్చింది. ఉరుములతోనే వచ్చింది. తెరిపి ఇచ్చి మళ్లీ పడింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర గొడుగు కింద నిలబడి వరదప్ప రోడ్డు మీద పారే నీళ్లు చూశాడు. బుట్ట పోవలసిన రోజులు వచ్చాయి, వెళ్తున్నాయి. వెంకటలక్ష్మమ్మ బుట్ట దించి, దుమ్ము దులిపి, గుమ్మం పక్కన పెట్టింది. 

నాగజ్యోతి సిప్పి కాళాన్ మంచి గుత్తులు కోసి తెచ్చింది. ఇవి పట్టుకొని పో మామా, ఇవీ పుట్టగొడుగులే కదా, అంది. వెంకటలక్ష్మమ్మ కూడా అదే అంది. మనసు చూస్తారు కానీ రకం చూస్తారా అంది.

"అక్కకు కండ్లు బాగానే ఉండాయి" అన్నాడు వరదప్ప.

ఆదివారం అతను సీసాను బుట్టలో పెట్టి, కదలకుండా చుట్టూ గుడ్డ కుక్కి, బస్సెక్కాడు. జూజువాడిలో దిగి నడిచాడు. చెక్‌పోస్టు దగ్గర లారీలు వరసగా ఆగి ఉన్నాయి. అంగడిలో బసవమ్మ అరటి గెల దించుతోంది. జుట్టు బాగా నెరిసింది. అతను బుట్ట బల్ల మీద పెట్టాడు. ఆమె తీసుకుని లోపలికి పోబోయింది. బరువు తేడా తెలిసి ఆగింది. గుడ్డ తీసి చూసింది.

వరదప్ప చెప్పడం మొదలుపెట్టాడు. చేను గోడ గురించి, జేసీబీ గురించి, చెదల గురించి, చక్కెర నీళ్ల గురించి. పసుపు నీళ్లలో ముంచకుండా తెచ్చినానని కూడా చెప్పాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక లారీ మనిషి వచ్చి నీళ్ల సీసా అడిగాడు. ఆమె ఇచ్చి పంపింది. వరదప్ప ఆగి, ఆ మనిషి వెళ్లాక మళ్లీ చెప్పాడు. ఆమె సీసాను వెలుతురుకు పట్టింది. లోపల తెల్లని ముద్ద నెమ్మదిగా తిరిగి, నిలిచింది.

"బతికుండాదా ఇది?"

ఇన్నేళ్ల తరువాత ఆమె గొంతు. 

"బతికుండాదక్కా."

"లేస్తుందా?"

"లేవదు."

బసవమ్మ సీసాను బుట్టలో పెట్టింది. చుట్టూ గుడ్డ అతను కుక్కినట్టే మళ్లీ కుక్కింది.

"అమ్మ మొగం చూపీలేదు నువ్వు" అంది. గొంతులో కోపం లేదు. "దీన్ని తెచ్చి చూపిస్తా ఉండావు."

అతను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంక రావద్దురా వరదా. గొడుగుల కోసరం వస్తా ఉంటివి, సరే. ఇంక ఎందుకు."

బుట్టను అతని వైపు జరిపింది. అందులోంచి తీసుకున్నది ఏదీ లేదు కనక వేయవలసిందీ ఏదీ లేదు. ఆమె వెనక్కి తిరిగి అరటి గెలకు తాడు కట్టసాగింది. ముడి పడలేదు. విప్పి మళ్లీ కట్టింది. అతను ఆ ముడి పడేదాకా ఉన్నాడు. తరువాత బుట్ట తీసుకుని, లారీల పక్కగా, వచ్చిన దారినే నడిచాడు.

ఇంటి దగ్గర వెంకటలక్ష్మమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. బుట్టలోకి చూసింది. సీసా అలాగే ఉంది. అతని ముఖం చూసింది.

"మాట్లాడిందా?"

"మాట్లాడింది."

ఆమె చేతులు చేటలో ఆగిపోయాయి. ఏమనిందని అడిగింది. అమ్మ మాట వచ్చిందని మాత్రం చెప్పాడు. ఆమె కొంగు ముఖానికి అద్దుకుని, లేచి, గోడ దగ్గరికి వెళ్లింది. మా వదిన మాట్లాడిందంట జ్యోతీ, ఇన్నేండ్లకు, అని చెప్పింది. గోడ అవతల నాగజ్యోతి ఏదో అంది. చక్కెర నీళ్లు వట్టిపోలేదని కాబోలు. ఇద్దరూ నవ్వారు. ఈసారి పండక్కి వదినను పిలవాలని వెంకటలక్ష్మమ్మ అంటోంది.

వరదప్ప సీసా పట్టుకుని వెనక తొట్టి దగ్గరికి వెళ్లాడు. మూత బిగుసుకుని ఉంది. తువ్వాలుతో పట్టి తిప్పాడు. వాసన ఏమీ లేదు. నీళ్లు తేటగా ఉన్నాయి. వంచితే నీళ్లు ముందు పోయాయి, ముద్ద తరువాత జారింది. కాలువ జాలీ దగ్గర ఆగింది. అతను ఇంకో చెంబు నీళ్లు పోశాడు.